మైనస్ కనపడని మీటరు

పాత కార్లను ప్రేమించేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. యంత్రాన్ని ప్రేమించకూడదని కాదు. పనిచేసే యంత్రాన్ని ప్రేమిస్తే ఒక అర్థముంది. నాది వరంగల్‌లో, వర్ధన్నపేట పోయే రోడ్డు మీద, మోటారు వైండింగ్ షాపు. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి నా గడప ముందు దింపుతారు. నేను వాటి కడుపులోంచి మాడిన రాగితీగ లాగి పారేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పట్టించి పంపిస్తాను. ఆ మోటారు పొలానికి పోయి నీళ్లు తోడుతుంది. దాని పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ఎవరూ ఫొటో దిగరు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఫొటోలు దిగే కారు కొన్నాడు.

ఆయనకు వాళ్ల నాన్న ఇచ్చిపోయిన మరమగ్గాల షెడ్డు ఉండేది. తువ్వాళ్లు నేసేవాళ్లు. అది నడపడం చేతకాక మగ్గాలన్నీ తుక్కు కింద అమ్మేసి, ఆ షెడ్డులో ఈ కారును తెచ్చి కట్టేశాడు. గుండ్రటి వీపు, లావు ముక్కు, తెల్ల రంగు. ఒకప్పుడు ఆఫీసర్లూ మంత్రులూ వెనక సీట్లో జారగిలబడి తిరిగిన రకం. ఇప్పుడు దానికి వింటేజ్ అని పేరు. ముసలిదై, కీళ్లు వదులై, కింద నూనె కారుస్తూ ఉంటే వింటేజ్ అట. ఆ లెక్కన మా వీధి అరుగుల మీద వింటేజ్ మనుషులు చాలామందే కూర్చుని ఉంటారు. వాళ్లనెవరూ కిరాయికి తీసుకుపోరు.

పెళ్లికి ముందు జంటగా ఫొటోలు దిగడం ఇప్పుడొక జబ్బు. పొద్దున్నే బావ కారును కడిగి కోట దగ్గరికి తీసుకుపోతాడు. పిల్లవాడు బానెట్ మీద కాళ్లు చాపి కూర్చుంటాడు. పిల్ల గౌను కుచ్చెళ్లు పట్టుకుని స్టీరింగు వెనక కూర్చుంటుంది. వాడికి ఆ కారు తోలడం రాదు, ఆ పిల్లకు దాని తలుపు తెరవడం రాదు. ఇద్దరూ ఎటో దూరంగా చూసి నవ్వుతారు. ఏం చూసి నవ్వుతున్నారో ఆ కెమెరా పిల్లగాడిని అడగాలి. బావ పక్కన నిలబడి, "సార్, స్టీరింగ్ ఒరిజినల్, హారన్ ఒరిజినల్," అని డబ్బా కొట్టుకుంటూ ఉంటాడు. ఆ కారులో ఒరిజినల్‌గా మిగిలింది తుప్పు ఒక్కటే.

ఈ వ్యాపారంలో నిజంగా పని చేసేది అక్క. పెళ్లికూతుర్ని, పెళ్లికొడుకును ఊరేగించే బరాత్‌లకు కారును కట్టేది ఆమే. లిల్లీలు, బంతులు, గులాబీలు దారంతో గుచ్చి కారు చుట్టూ అల్లుతుంది. టేపు అంటించి చేతులు దులుపుకునే రకం కాదు. ఊరేగింపులో కుర్రాళ్ల భుజాలు తగిలి దండలు ఊడుతుంటాయి కాబట్టి ముందు సీట్లో బావ పక్కన కూర్చుని, ఊడినచోట దిగి కట్టి మళ్లీ ఎక్కుతుంది. జనం వచ్చేది ఆ పూల కోసమని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

అలాంటిది బరాత్‌ల మధ్యలో కారు ఆగిపోవడం మొదలైంది. ముందు డీజే బండి దద్దరిల్లుతూ ఉంటుంది, వెనక ఈ కారు చీమలా పాకుతూ ఉంటుంది. కాసేపటికి హెడ్‌లైట్లు పసుపెక్కుతాయి. ఆ తర్వాత ఎర్రబడతాయి. హారన్ గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. తాళం తిప్పితే లోపల టిక్కుమనడం తప్ప ఏమీ ఉండదు. షేర్వానీలు వేసుకున్న పెళ్లికొడుకు దోస్తులు అందరూ కలిసి నెట్టాలి. పెళ్లికొడుకు తల్లి మొహం అప్పుడు చూడాలి. కొడుకు కాపురం అక్కడే ఆగిపోయినట్టు చూస్తుంది.

బావ కొత్త బ్యాటరీ వేయించాడు. అదీ అంతే. మళ్లీ మార్చాడు. అదీ అంతే. పగటిపూట ఫొటోలకు పోయినప్పుడు మాత్రం ఏ పేచీ పెట్టేది కాదు. ఇక్కడే బావ వాళ్లమ్మ బుర్రకు పని చెప్పింది. నాకు వరసకు అత్తమ్మ అవుతుంది. ఆమె బుర్ర ఎప్పుడు పని మొదలుపెట్టినా ఎవరో ఒకరి కొంప మునుగుతుంది.

"ఫొటోలకు పోయినప్పుడు మంచిగనే నడుస్తది. కోడలు ఎక్కిన్నాడే ఆగుతది. ఇంక సమజ్ కాలేదా? దాని కాలు మంచిది కాదు," అని తేల్చింది.

ఇంట్లో అని ఊరుకుంటే ఇంటి సంగతి. వాకిట్లో అంది, కిరాణా కొట్టు దగ్గర అంది, పూల మార్కెట్లో అక్కకు పూలు ఇచ్చే మనిషితో కూడా అంది. ఒక పెళ్లివారు, పూలు కట్టించుకున్న తర్వాత, "నువ్వు ఎక్కకమ్మా, మా పెద్దోళ్లు అద్దంటాన్రు," అని అక్కను రోడ్డు మీద దింపేశారు. ఆ రోజు కూడా కారు ఆగింది. అప్పుడేమైనా బుద్ధి వచ్చిందా అంటే, పూలు ఆమె చేత్తో కట్టినవే కదా అంది అత్తమ్మ. అంత తెలివి షెడ్డు నడపడంలో పెట్టి ఉంటే మగ్గాలు మిగిలేవి.

అది రెండేళ్లకోసారి అడవిలో జరిగే మేడారం అమ్మల జాతర ఏడు. అక్కకు అంతకుముందు కడుపు ఆపరేషన్ అయింది. దవాఖాన మంచం మీద పడుకుని, బాగై ఇంటికి పోతే తన ఎత్తు, అంటే తన బరువంత, బెల్లం అమ్మలకు ఇస్తానని మొక్కుకుంది. మేడారంలో ఆ బెల్లాన్నే బంగారం అంటారు. మొక్కు తీరే సమయం వచ్చింది. బెల్లం తెచ్చి బస్తాకెత్తారు. కారులో పోదామని బావ అన్నాడు. అత్తమ్మ మళ్లీ బుర్రకు పని చెప్పింది.

అక్క నా షాపుకు వచ్చింది. నేను ఒక మోటారు కడుపు విప్పుకుని కూర్చున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది.

"తమ్మీ, నా బెల్లం కార్ల పోతదట. నన్ను బస్సుల రమ్మంటాన్రు," అంది.

"ఎందుకట?"

"నేను కూసుంటె అడివి నడుమ ఆగుతదట."

ఏడవలేదు. ఏడిస్తే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. ఆమె ఎత్తు బెల్లం కారెక్కవచ్చు, ఆమె ఎక్కకూడదు. ఇలాంటి న్యాయం చెప్పే మనుషుల మధ్య అన్నేళ్లుగా వంట చేసి పెడుతోందని తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"నాకు ఆ కారు మీద మోజేం లేదు. ఆ సీట్ల స్ప్రింగు గుచ్చుతది. గని నా కాలు మంచిది కాదని ఊరంత చెప్పుకుంట, నా మొక్కు మాత్రం ఎక్కిచ్చుకుంటాన్రు సూడు, గదే నాకు మంట. జర ఒక్కసారి ఆ కారును సూడరాదు?"

చూడకపోవడానికి కారణం ఉంది. కారు కొన్న కొత్తలోనే బావ నాతో అన్నాడు, "బామ్మర్దీ, నువ్వు దీని మీద చెయ్యెయ్యకు. ఇది బోరు మోటర్ కాదు." అప్పటినుంచి నేను ఆ షెడ్డు వైపు పోలేదు. అక్క కోసం పోయాను. పోతూ మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంపు, పానాలు సంచిలో వేసుకున్నాను. టెస్ట్ ల్యాంపు అంటే ఏమీ లేదు, చిన్న బల్బుకు రెండు వైర్లు. అబద్ధం చెప్పడం దానికి రాదు.

కారు తలుపు తీసి చూడగానే నా కళ్లు డాష్‌బోర్డు మీద పడ్డాయి. పాత కార్లలో అక్కడ అమ్మీటరు ఉంటుంది. రైతుల స్టార్టర్ డబ్బాల్లోనూ అమ్మీటరు ఉంటుంది కానీ, అందులో ముల్లు ఒకే వైపు పోతుంది. కారుది వేరు. మధ్యలో సున్నా, ఎడమ వైపు మైనస్, కుడి వైపు ప్లస్. బ్యాటరీలోంచి కరెంటు బయటికి పోతుంటే ముల్లు మైనస్ వైపు వాలాలి. ఇంజన్‌తోపాటు తిరిగే డైనమో బ్యాటరీని నింపుతుంటే ప్లస్ వైపు వాలాలి. ఇంతే దాని చదువు. ఇంతకన్నా తేలికైన చదువు ఈ లోకంలో ఇంకోటి లేదు.

బావ కారులో ఆ మీటరుకు సగమే మొహం ఉంది. ఎడమ సగం మీద, అద్దానికి, చమ్కీలు మెరిసే అమ్మవారి స్టిక్కరు అంటించి ఉంది. మైనస్ మొత్తం అమ్మవారి కింద ఉంది.

"ఇదేంది బావా?" అన్నాను.

బావ మీసం సవరించుకుని కథ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో సిగ్గు ఏ మూలా కనపడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కారు కొన్నాక షెడ్డు ముందు పూజ చేయించారు. ఇంజన్ ఆపి ఉంది. కొబ్బరికాయ కొట్టేటప్పుడు లైట్లు వెలిగించమన్నారు. వెలిగించాడు. ముల్లు గబుక్కున మైనస్‌లోకి పోయింది. వెనక నుంచి తొంగిచూస్తున్న అత్తమ్మ అది చూసి గుండెలు బాదుకుంది.

"పూజ నాడే మైనస్‌ల పడ్డది. మంచిదెట్లయితది చెప్పు? అందుకే స్పెషలిస్ట్ కాడికి తోల్కపోయిన," అన్నాడు బావ.

ఊరి బయట ఒకడు పాత కార్ల స్పెషలిస్ట్ అని బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. వాడు బావ చెప్పింది విని, మీటరు వెనక ఉన్న రెండు వైర్లు పీకి, అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. మళ్లీ లైట్లు వేయగానే ముల్లు ప్లస్ వైపుకు వచ్చింది. బావ వాడికి శాలువా ఒక్కటి కప్పలేదు, మిగతా మర్యాదలన్నీ చేశాడట. వాడికి తాను చేసింది తప్పని తెలుసో తెలియదో నాకు తెలియదు. తెలిసి చేస్తే దొంగ, తెలియక చేస్తే గాడిద. రెంటిలో ఏదైనా నాకు ఒకటే.

కాకపోతే కారు నడిపేటప్పుడు ముల్లు మైనస్ వైపు పోవడం మొదలుపెట్టింది. పోక ఏం చేస్తుంది? వైర్లు తిరగేశాక నిండుతుంటే మైనస్, ఖాళీ అవుతుంటే ప్లస్. దానికీ అత్తమ్మ మందు కనిపెట్టింది. స్టిక్కరు తెచ్చి మైనస్‌ను కప్పేసింది. ఇక ఆ కారులో మంచి తప్ప చెడు కనపడే వీలు లేకుండా పోయింది.

"ఇప్పుడు సూడు ఎట్ల ఎక్కుతదో," అని బావ లోపల కూర్చుని, ఇంజన్ ఆపి ఉండగానే, హెడ్‌లైట్లు వేశాడు. ముల్లు కుడివైపుకు నిండుగా వాలింది. "లైట్లేస్తె ఛార్జింగు మస్తుగ ఎక్కుతది బామ్మర్దీ. పాత కార్లల్ల గిదే గొప్ప. అందుకే మీ అక్క పూలు కట్టేదాంక లైట్లు ఏసే ఉంచుత."

మిద్దె మీది ట్యాంకు కింద కుళాయి పూర్తిగా తిప్పి, ట్యాంకు నిండుతోందని మురిసిపోయేవాడికి ఏం చెబుతాం? అక్క ఎండలో కూర్చుని ఒక్కొక్క పువ్వు గుచ్చుతున్నంతసేపూ ఈ మనిషి పక్కన నిలబడి బ్యాటరీని వీధిలోకి పారబోస్తున్నాడు. ఆమె పని ఎంత శ్రద్ధగా చేస్తే అంతసేపు పారబోస్తున్నాడు. తర్వాత బరాత్‌లో చీమలా పాకేటప్పుడు డైనమో సరిగా తిరగక నింపేది ఉండదు, పైగా హెడ్‌లైట్లు, వాటికి తోడు సీరియల్ బల్బులు. ముల్లు ప్లస్‌లోకి పోతుంటే ఈయన స్టీరింగు మీద తాళం వేస్తూ కూర్చుంటాడు. ఆ తర్వాత కారు చస్తుంది. ఆగడానికి ముందు ఆమె పక్కనే కూర్చుని ఉంటుంది, కాబట్టి తప్పు ఆమెది.

ఆయనకు ఇదంతా వివరంగా చెప్పాను. విని, "గట్లెట్లయితది? ప్లస్ అంటె ప్లసే కద," అన్నాడు. ఇంతకన్నా వాదించడం నా వల్ల కాలేదు. చేసి చూపిద్దామని చొక్కా విప్పి మేకుకు తగిలించాను.

మొదట బ్యాటరీ ఎర్త్ వైరు విప్పాను. అమ్మీటరుకు వచ్చే వైరుకు మధ్యలో ఫ్యూజు ఉండదు. బ్యాటరీ బలమంతా నేరుగా దానిలో ఉంటుంది. పానా జారి ఒక కొస బాడీకి తగిలితే నిప్పులు రేగుతాయి, వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా అంటుకుంటుంది. స్పెషలిస్ట్ గారు అలాంటి జాగ్రత్త ఏదీ పడినట్టు లేదు, మీటరు వెనక రేకు మీద నల్లటి మచ్చ ఉంది. ఒక నట్టు వేళ్లతో తిప్పితేనే వచ్చేసింది. వదులుగా ఉన్నచోట వేడెక్కి వైరు పైపొర గోధుమరంగుకు తిరిగి పెళుసుగా విరుగుతోంది. ఇంజన్ వైపు నుంచి వైరు లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు వాషరు కూడా లేదు. రేకు అంచు మీద వైరు రోజూ రాసుకుంటోంది. ఇంకొన్నాళ్లు పోతే కారు ఆగడం కాదు, కాలిపోయేది. అప్పుడు ఎవరి కాలు అనేవాళ్లో నాకు వేరే చెప్పక్కర్లేదు.

అత్తమ్మ కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. నేను స్టిక్కరు గోటితో లేపుతుంటే, "అమ్మవార్ని కదిలిస్తానవా?" అని అరిచింది.

"బ్యాటరీకి కావలి కాసే పని అమ్మవారికి ఎవరు చెప్పిన్రు అత్తమ్మా? ఇగో, ఇక్కడ పెడుతున్న, దండం పెట్టుకో," అని దాన్ని తీసి డాష్‌బోర్డులోని సామాన్ల అర తలుపు మీద సరిగ్గా అంటించాను. నా మర్యాద నేను తప్పలేదు.

మాడిన కొసలు కత్తిరించి, వైర్ల కొసలకు కొత్త లగ్గులు, అంటే నట్టు కింద పట్టే రాగి చెవులు, వేసి నొక్కాను. టెస్ట్ ల్యాంపుతో ఏది బ్యాటరీ నుంచి వచ్చేదో, ఏది కారు లోపలి పనులకు పోయేదో తేల్చుకున్నాను. కారు వాడే కరెంటంతా ఈ మీటరు గుండా దాటిపోవాలి, ఒక్క స్టార్టరు తప్ప. అది తాగే కరెంటు ముందు ఈ ముల్లు నిలవదు కాబట్టి దాని దారి వేరే. రెండు వైర్లనూ వాటి వాటి స్థానాల్లో బిగించాను. రంధ్రానికి రబ్బరు వాషరు తొడిగాను. అంతే పని. రెండు నట్లు. ఒక ఆడమనిషిని ఊరి నోళ్లలో వేయడానికి రెండు నట్లు సరిపోయాయి.

ఎర్త్ వైరు బిగించి, ఇంజన్ ఆపి ఉండగానే లైట్లు వేశాను. ముల్లు మైనస్ వైపు వాలింది. గుమ్మంలో అత్తమ్మ లేచి నిలబడింది. బావ మొహం చూస్తే ఆయన ఆస్తి మొత్తం ఆ ముల్లు మీద కూర్చుని జారిపోతున్నట్టు ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసి లైట్లు ఆపి, ఎక్సలేటర్ తొక్కాను. ముల్లు సున్నా దాటి ప్లస్‌లోకి నడిచింది. కాలు తీసేస్తే వెనక్కి వచ్చింది. మళ్లీ తొక్కితే మళ్లీ పోయింది. ఇంత బుద్ధిమంతురాలిని ఇన్నాళ్లు ముసుగు వేసి కూర్చోబెట్టారు.

"అక్కా, ఎక్కు," అన్నాను.

అత్తమ్మ నోరు తెరిచింది కానీ, నేను చూసిన చూపుకు మూసింది. సాయంత్రం దీపాల వేళ, బావ తోలుతుంటే అక్క ముందు సీట్లో, నేను వెనక, వర్ధన్నపేట దాకా పోయాం. అక్కను ముల్లు చూసి చెప్పమన్నాను.

"ప్లస్‌ల ఉన్నది తమ్మీ. లైట్లేసిండు. నడుమకొచ్చింది. అయినా జర ప్లస్‌లనే ఉన్నది," అని చదువుతూ కూర్చుంది. వర్ధన్నపేట దగ్గర బావను బరాత్‌లో తోలినట్టు తోలమన్నాను. వెనక లారీలు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోతున్నాయి. "మైనస్‌కు పోతాంది," అంది అక్క. లైట్లు ఆపి సైడ్ ల్యాంపులు ఉంచమన్నాను, ఎక్సలేటర్ కొంచెం పట్టి ఉంచమన్నాను. "మల్ల నడుమకొచ్చింది." కారును రోడ్డు పక్కన ఆపించి, ఇంజన్ ఆపించి, మళ్లీ తాళం తిప్పమన్నాను. ఒక్క తిప్పుకే అందుకుంది. అక్క చప్పట్లు కొట్టలేదు, ఏమీ లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, స్ప్రింగు గుచ్చే ఆ సీట్లో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ కారులో ఆమె వీపు ఆన్చడం నేను చూడడం అదే మొదలు. తిరిగి వచ్చేంతవరకు బావ ముల్లు వైపు దొంగచూపులు చూస్తూనే తోలాడు. నాకు మహా సంతోషంగా ఉండింది, దాచుకోవడం ఎందుకు?

షెడ్డు ముందు దిగాక అందరూ వినేటట్టు చెప్పాను. కారు ఆగింది వైర్ల వల్ల, లైట్లు వేసి ఉంచడం వల్ల, అక్క వల్ల కాదని. ఆమె కూర్చుంటే నడిచిందని. బావ తల ఊపాడు. అత్తమ్మ కూడా ఊపింది. వాళ్లు తల ఊపితే అర్థమైందని అనుకున్నాను చూడండి, దానికి మాత్రం నన్ను ఏమన్నా పడతాను.

మేడారం పోయే రోజు పొద్దున వాళ్ల ఇంటికి పోయాను. నేనూ కారులో వెళ్లాలని ముందే అనుకున్నాం. అక్క కొత్త చీర కట్టుకుని, పసుపు రాసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నేనూ బావా కలిసి బెల్లం బస్తా డిక్కీలో వేశాం. పక్కిళ్లవాళ్లు దండం పెట్టుకోవడానికి వచ్చారు. అక్క ముందు తలుపు మీద చెయ్యి వేసింది.

"నువ్వెక్కడికి?" అంది అత్తమ్మ.

అక్క చెయ్యి అక్కడే ఆగింది. నేను కలగజేసుకుని, "అత్తమ్మా, మొన్న చూసినవు కద. కారు బాగైంది," అన్నాను.

"అయ్యో, నేను కాదంటున్ననా కొడుకా? నీ చెయ్యి మంచిది, మంచిగ బాగు జేసినవ్. బాగైనదాన్ని మల్ల ఎందుకు ఖరాబు చేసుకునుడు? దాన్ని బస్సుల రానియ్యి."

నేను చేసిన పని అంతా ఒక్క మాటతో నా మొహానే కొట్టింది. కారు బాగుపడింది కాబట్టి అక్క ఎక్కకూడదు. కారు చెడిపోయి ఉంటే అక్క వల్ల చెడింది. ఏ వైరు ఎటు తిప్పితే ఈ ముసలమ్మ ముల్లు కదులుతుంది? బావ అద్దం తుడుస్తూ అటు తిరిగాడు. పెళ్లాం పూలతో బతికే మగవాడు, ఆమె వైపు ఒక్క ముక్క మాట్లాడడానికి ఆ అద్దం మీద దుమ్ము అడ్డం వచ్చింది. ఆయన మీద నాకు అంతకుముందు కాస్త జాలి ఉండేది. అది ఆ పొద్దున పోయింది. ఆ రెండు నట్లు మళ్లీ విప్పేద్దామా అనిపించింది నాకు.

అక్క తలుపు మీది చెయ్యి తీసింది. అత్తమ్మ కోడలి వైపు చూడకుండా, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఒక కాలు కారులో పెట్టింది.

"అత్తమ్మా," అంది అక్క. గొంతు పెద్దగానే అంది, పక్కిళ్లవాళ్లకు వినపడేటట్టు. "నేను బస్సులనే వత్త. నువ్వు కారుల పోతానవ్ కద. నువ్వు కూసున్నంక కూడ అడివిల ఆగిందనుకో, అప్పుడు ఎవలి కాలని చెప్పుకుందాం?"

వెటకారం కాదు. నిజంగా అడిగినట్టే అడిగింది. ఎవరూ నవ్వలేదు. పక్కింటి పెద్దామె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్తమ్మ కాలు కారులో, ఒళ్లు బయట, అలాగే నిలబడింది. డాష్‌బోర్డు వైపు చూసింది. ముల్లు సున్నా మీద నిలబడి ఉంది. ఆమె పక్కిళ్లవాళ్లను చూసింది, డిక్కీని చూసింది, మళ్లీ తన కాలును చూసుకుంది. ఊరందరికీ చెప్పిన సూత్రం తనకు కూడా వర్తిస్తుందని ఇన్నేళ్లకు మొదటిసారి ఆ బుర్రకు తట్టింది. నేను వివరించినప్పుడు ఒక్క ముక్క ఎక్కలేదు, ఇది మాత్రం ఎక్కింది. మెల్లగా కాలు బయటికి తీసింది.

"నాకు కార్లల్ల కూసుంటె కడుపుల తిప్పుతది. బస్సుల గాలి మంచిగొస్తది," అంది.

"అమ్మా, నువ్వు కూడనా?" అన్నాడు బావ.

ఆమె వినిపించుకోలేదు. అప్పటికే చెప్పులు సర్దుకుని వీధి చివరకు నడుస్తోంది. బావ నా వైపు చూశాడు. నేను టిఫిన్ డబ్బా అక్క చేతిలోంచి తీసుకుని ఆడవాళ్ల వెనక నడిచాను. ఆయన, అక్క ఎత్తు బెల్లం కలిసి కారులో పోయారు. దారిలో ఎక్కడా ఆగలేదు. నేను బిగించిన వైర్లు అవి, ఎందుకు ఆగుతుంది?

జాతర బస్సులో జనం ఒకరి మీద ఒకరు ఉన్నారు. ఎలాగో తోసుకుని ఎక్కి, అక్క కిటికీ పక్క సీటు పట్టింది. అత్తమ్మ ఆమె పక్కన పడినట్టు కూర్చుంది. బస్సు కదిలాక, "నన్ను కిటికీ కాడ కూసోనియ్యి, కడుపుల తిప్పుతాంది," అంది.

"నాక్కూడ తిప్పుతాంది అత్తమ్మా," అంది అక్క. కిటికీ అద్దం పూర్తిగా జరిపి, బయటికి చూస్తూ కూర్చుంది.